ఫోన్ మోగని రోజూ డ్యూటీయే

పిలిస్తే వెళ్లి విమానం నడపడానికి పైలట్ ఇంట్లో సిద్ధంగా ఉండాల్సిన డ్యూటీ స్టాండ్‌బై. అది పడిన రోజు ఇంట్లోవాళ్ల కంటికి సెలవులాగే ఉంటుంది. యూనిఫాం హ్యాంగర్‌కే వేలాడుతుంటుంది, మనిషి నైట్ ప్యాంటులో ఇంట్లోనే తిరుగుతుంటాడు. "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా నాన్నా, రైతుబజారుకెళ్లి నాలుగు కూరలు పట్టుకొచ్చెయ్" అంటుంది అమ్మ. "పెదగంట్యాడలో గృహప్రవేశం, ఓ గంట మొహం చూపించి వచ్చేద్దాం అల్లుడుగారూ" అని మామగారు ఫోన్ చేస్తారు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లున్న ఏటీఆర్ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం) పైలట్ మొదటిదానికి సరే అనొచ్చు, రెండోదానికి అనకూడదు. అక్కణ్నుంచీ ఎయిర్‌పోర్టుకి చేరుకోవచ్చు, దూరం సమస్య కాదు. కానీ యూనిఫాం, ఫ్లైట్ బ్యాగు ఎంవీపీలో ఉన్నాయి. మళ్లీ ఓ కునుకు తీయాల్సిన గంట బంధువుల పలకరింపుల్లో పోతుంది. అక్కడ పెట్టిన టిఫిను ఏ నూనెలో వేగిందో తెలియదు.

కొత్తగా లైన్‌లోకి వచ్చిన ఫస్ట్ ఆఫీసర్లు స్టాండ్‌బై అంటే ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోవడం అనుకుంటారు. ఫోన్ ఎత్తడం అందులో చిన్న ముక్క. ఆ ఫోన్ ఏ నిమిషంలో వచ్చినా, అక్కడి నుంచి పది గంటల తర్వాత చేసే చివరి ల్యాండింగ్ కూడా సరిగ్గా చేయగల స్థితిలో ఒంటినీ బుర్రనీ ఉంచుకోవడమే అసలు ఉద్యోగం. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం నిద్ర గురించే ఉంటుంది.

ముందు లెక్కలు చూసుకుందాం. స్టాండ్‌బై ప్రధానంగా రెండు రకాలు. ఎయిర్‌పోర్టు స్టాండ్‌బైలో యూనిఫాం వేసుకుని క్రూ రూమ్‌లో కూర్చుంటారు. ఫ్లైట్ ఇస్తే, అలా కూర్చున్న సమయమంతా ఫ్లైట్ డ్యూటీ పీరియడ్‌లో, అంటే రిపోర్టింగ్ నుంచి ఆఖరి ఫ్లైట్ ముగిసేదాకా లెక్కించే, మనవాళ్లు ఎఫ్‌డీపీ అనే దానిలో, పూర్తిగా కలుస్తుంది. ఇంటి స్టాండ్‌బైలో అలా పూర్తిగా కలవదు. ఇంట్లో గడిపిన గంటల్లో ఎంత భాగం లెక్కలోకి వస్తుంది, స్టాండ్‌బై, ఎఫ్‌డీపీ కలిపి ఎన్ని గంటలు దాటకూడదు, పిలుపు వచ్చాక ఎన్ని నిమిషాల్లో రిపోర్ట్ చేయాలి అన్నవన్నీ మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌లో ఎఫ్‌డీటీఎల్ (డ్యూటీ, ఎగిరే గంటల పరిమితులు) అధ్యాయంలో ఉంటాయి. ఆ పేజీని ట్యాబ్‌లో బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి. తెల్లవారుజామున క్రూ కంట్రోల్ (పైలట్లకి ఫ్లైట్లు కేటాయించే విభాగం) కుర్రాడు లైన్‌లో ఉండగా వెతికే పేజీ కాదది.

2024 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రకటించి, 2025 జూలై 1న, నవంబరు 1న రెండు విడతలుగా అమల్లోకి తెచ్చిన నిబంధనలు స్టాండ్‌బై పైలట్ల మీద గట్టిగానే పనిచేస్తాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది. రాత్రి అనే మాటకు అర్థం 0000 నుంచి 0500 వరకు అని ఉండేది, ఇప్పుడు 0600 వరకు. ఆ రాత్రిని కాస్త తాకినా ఎఫ్‌డీపీ 10 గంటలు, ఫ్లైట్ టైమ్ 8 గంటలు, ల్యాండింగులు రెండు దాటకూడదు. ఇంతకుముందు ల్యాండింగుల పరిమితి ఆరు. పెద్ద జెట్ నడిపేవాళ్లకు రెండు ల్యాండింగులంటే వెళ్లి రావడం, పెద్ద ఇబ్బంది లేదు. రోజుకి నాలుగు నుంచి ఆరు చిన్న సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణాలు) చేసే ఏటీఆర్ షెడ్యూలుకి మాత్రం ఇది నడుం మీద దెబ్బ. అందుకే రిపోర్టింగ్ 5:50కా 6:05కా అన్న పదిహేను నిమిషాల తేడా మీద రోజంతా మారిపోతుంది.

ఇక ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. స్టాండ్‌బై విండో తెల్లవారుజామున 3 నుంచి ఉదయం 11 వరకు. ఇల్లు ఎంవీపీ. పిలుపు వచ్చిన 90 నిమిషాల్లో రిపోర్ట్ చేయాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఇది: రోజూలాగే రాత్రి 11కి పడుకుంటారు, "పిలిస్తే లేద్దాం, పిలవకపోతే ఏడింటిదాకా పడుకుందాం" అనుకుంటారు. 3:40కి ఫోన్ వచ్చిందనుకోండి. నాలుగున్నర గంటల నిద్ర. 5:10కి రిపోర్టింగ్, 6:10కి బయల్దేరడం. రాత్రిని తాకింది కాబట్టి ఎఫ్‌డీపీ మధ్యాహ్నం 3:10 దాకా సాగొచ్చు. అంటే అరకొర నిద్రతో లేచి పదకొండున్నర గంటలు మెలకువగా ఉన్న తర్వాత, మే నెల ఎండలో, వేడిగాలి కుదుపుల మధ్య ఆఖరి అప్రోచ్. పైగా నిద్రలేచింది 2 నుంచి 6 గంటల మధ్య, శరీర గడియారం అట్టడుగున ఉండే సమయంలో. కాగితం మీద ఇదంతా చట్టబద్ధమే. ఒంటికి ఆ చట్టం తెలియదు.

విండో 3కి మొదలైతే రాత్రి 8:30కల్లా దీపాలార్పాలి. చెప్పడం తేలిక. రోజూ 11కి పడుకునే మనిషికి నిద్రకు ముందున్న రెండు మూడు గంటలు శరీరం సహజంగానే బాగా మెలకువగా ఉండే సమయం. అందుకే 8:30కి మంచమెక్కితే సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడమే అవుతుంది. పడుకునే వేళని లాగితే రాదు, లేచే వేళని లాగాలి. రెండు రోజుల ముందు నుంచి ఉదయం అయిదుకే లేవండి. లేవగానే వెలుతురులోకి వెళ్లండి. ఈ విషయంలో విశాఖ వాసులు అదృష్టవంతులు: తూర్పు తీరం కాబట్టి జూన్‌లో 5:20 ప్రాంతానికే సూర్యుడు వచ్చేస్తాడు, బీచ్ రోడ్డు మీద అరగంట నడిస్తే చాలు. జనవరిలో ఆరున్నర అవుతుంది కాబట్టి అప్పటిదాకా ఇంట్లో లైట్లన్నీ వేసుకోవాలి. స్టాండ్‌బై ముందు రోజు మధ్యాహ్నం 20 నిమిషాలకు మించి పడుకోవద్దు. ఆఖరి కాఫీ ఒంటిగంట లోపే. కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటి ఫిల్టర్ కాఫీ రాత్రి పదింటికి కూడా ఒంట్లో సగం ఉంటుంది. అన్నం ఏడింటికి. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి ఆ పూటకి వద్దు. పెరుగన్నం, కాస్త కూర.

గది గురించి కూడా చెప్పాలి. వేసవిలో మన ఊరి ఉక్కపోతకి ఏసీ లేకుండా సాయంత్రం నిద్ర కష్టం. కరెంటు పోతే ఏసీ ఆగినా ఫ్యాను తిరిగేలా ఇన్వర్టర్ లైను పడకగదికి ఉండాలి. కిటికీకి మందపాటి తెర, దాని అంచులు గోడకి అంటుకుని ఉండాలి. చవితి పందిళ్లు, మాఘమాసం పెళ్లి బ్యాండులు, ధనుర్మాసంలో గుడి మైకు: వీటిని ఎవరూ ఆపలేరు. అలాంటి వారాల్లో మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని, ఫోన్ రింగుతో పాటు వైబ్రేషన్ కూడా పెట్టి దిండు కిందే ఉంచండి. లేదా మోగగానే వచ్చి లేపమని ఇంట్లో ఒకరికి ఒప్పజెప్పండి. ఇంట్లోవాళ్లకి స్టాండ్‌బై వేళలు రాసి ఫ్రిజ్ మీద అంటించడం చిన్న పనే, దానివల్ల మిగిలే నిద్ర ఎక్కువ. గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా తలుపు మరొకరు తీయాలి.

సాయంత్రం విండో, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 లాంటిది, పైకి సుఖంగా కనిపిస్తుంది. తెల్లవారుజాము విండో కంటే దీనితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఉదయం ఆరింటికి లేచి, పిల్లల్ని స్కూల్లో దింపి, బ్యాంకు పనులన్నీ చక్కబెట్టుకున్న మనిషికి రాత్రి 9:30కి పిలుపు వస్తే 11కి రిపోర్టింగ్. అప్పటికే పదిహేడు గంటల మెలకువ. విండో మొదలయ్యే ముందు గంటన్నర నిద్ర, అంటే ఒక పూర్తి నిద్ర చక్రం, తప్పనిసరి. విండో మొదలయ్యాక కూడా పడుకోవచ్చు. స్టాండ్‌బైలో నిద్రపోవడం తప్పని చాలామందికి లోలోపల ఒక బిడియం ఉంటుంది. తప్పు కాదు, చేయాల్సిన పనే. ఫోన్‌కి లేస్తే చాలు. గంటన్నర కుదరకపోతే 20, 25 నిమిషాల దగ్గర ఆపండి. 40, 50 నిమిషాల దగ్గర లేస్తే గాఢనిద్ర మధ్యలోంచి లేచినట్టై తల దిమ్ముగా ఉంటుంది.

ఆ దిమ్ము పోకముందే ఒప్పుకునే పిలుపుల్లోనే తప్పులు దొర్లుతాయి. కాబట్టి ఫోన్ మోగగానే ముందు కాళ్లు నేల మీద పెట్టండి, లైటు వేయండి, మంచం పక్కనున్న కాగితం తీసుకోండి. పడుకుని వినకండి. పిలుపు వచ్చిన నిమిషం, రిపోర్టింగ్ సమయం, ఫ్లైట్ నంబర్లు, సెక్టార్ల వరుస, చివరికి ఎక్కడ ఆగుతారు, నైట్ హాల్ట్ ఉందా, క్యాబ్ వస్తుందా: వరుసగా రాసి, తిరిగి చదివి వినిపించండి. తర్వాత మూడు విషయాలు సరిచూసుకోండి. గత డ్యూటీ ముగిసిన దగ్గర నుంచి విశ్రాంతి సరిపోయిందా? ఇది కనీసం 12 గంటలు, లేదా గత డ్యూటీ ఎంతసేపైతే అంత, ఏది ఎక్కువైతే అది. వారపు 48 గంటల విశ్రాంతి ముగిసి 168 గంటలు దాటకముందే తర్వాతి వారపు విశ్రాంతి మొదలవుతుందా? ఈ రిపోర్టింగ్‌కి ల్యాండింగుల సంఖ్య సరేనా? మన ఉదాహరణలో 5:10 రిపోర్టింగ్‌కి విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడం అంటే సరే. అదే రిపోర్టింగ్‌కి విజయవాడ, కర్నూలు కలిపి నాలుగు సెక్టార్లు చెబితే ఆగి అడగాలి. కంపెనీకి ఏదైనా సడలింపు ఉంటే అది రాతపూర్వకంగా ఉంటుంది, పంపమనండి. క్రూ కంట్రోల్‌లో కూర్చున్నవాళ్లు శత్రువులు కారు. అవతల పదిహేను ఫ్లైట్లు కదులుతుంటే సాఫ్ట్‌వేర్ చూపించిందే చెబుతారు. లెక్క తప్పితే మాత్రం లైసెన్స్ మీది.

ఒంట్లో బాగోలేకపోవడం వేరు, అలసట వేరు. జ్వరం, జలుబు, కడుపు పాడవడం సిక్ కిందికి వస్తాయి. నిద్ర పట్టక, నడపగలనన్న నమ్మకం లేకపోతే అది ఫెటీగ్. ఆ మాటనే వాడి చెప్పండి, ఆ తర్వాత ఫెటీగ్ రిపోర్టు నింపండి. రెండోదాన్ని మొదటిదిగా చెబితే ఆ రోజు గడుస్తుంది గానీ, ఆ రోస్టర్‌లో లోపం ఉందని ఎవరికీ తెలియదు. కొత్త నిబంధనల ప్రకారం కంపెనీలు ఫెటీగ్ రిపోర్టుల వివరాల్ని, వాటి మీద తీసుకున్న చర్యల్ని మూడు నెలలకోసారి డీజీసీఏకి పంపాలి. మనం రాయకపోతే వాళ్లు పంపడానికేమీ ఉండదు.

బ్రెత్ అనలైజర్

విమానం నడపడానికి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదన్నది అందరికీ తెలిసిన రూలు. బీఏ మిషను చూపించాల్సింది సున్నా. మొదటిసారి పాజిటివ్ వస్తే లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్, రెండోసారి మూడేళ్లు, ఆ తర్వాత రద్దు. స్టాండ్‌బై వేళ తాగని పైలట్లు కూడా ఇక్కడ దెబ్బతినే దారులున్నాయి, అవి మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఆయుర్వేదం షాపులో దొరికే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం లాంటివన్నీ పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ తయారవుతుంది. అరగడం లేదని అమ్మమ్మ రెండు మూతలు పోసి ఇస్తుంది, ప్రేమతోనే. కొన్ని దగ్గు టానిక్కులు, హోమియో చుక్కల మందులు కూడా ఇంతే. మౌత్‌వాష్, టూత్ జెల్‌లలో ఆల్కహాల్ ఉన్నవి వాడకూడదని డీజీసీఏ 2023లోనే స్పష్టంగా రాసింది. ఎండాకాలం పల్లెకి వెళ్తే నీరా అని పోసిచ్చేది రెండు మూడు గంటలు ఎండలో ఉంటే కల్లే. శానిటైజర్ చేతికి రాసుకుని, తడి ఆరకముందే మిషను పట్టుకోవద్దు. ఏ మందైనా సరే, డబ్బా వెనక రాసింది చదివి, కంపెనీ డాక్టరుకి ఫోన్ చేశాకే. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటే మత్తుగా ఉంటుంది, మర్నాటిదాకా. ముక్కు దిబ్బడతో ఎగరడం మరో ప్రమాదం: కిందికి దిగేటప్పుడు చెవిలో ఒత్తిడి సర్దుకోక కర్ణభేరి దెబ్బతినొచ్చు.

ఇదే వరుసలో రుషికొండ స్కూబా డైవింగ్. ఊరి నుంచి స్నేహితులొస్తే తప్పకుండా అడుగుతారు. నీటి కింద ఒంట్లో కరిగిన నైట్రోజన్, క్యాబిన్ ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలై కీళ్లలో నొప్పి, ఇంకా పెద్ద ప్రమాదమూ తేవచ్చు. డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 24 గంటలు విడిచిపెట్టండి. కాబట్టి స్టాండ్‌బైకి ముందు రోజు కూడా వద్దు. అరకు ప్రయాణం స్టాండ్‌బై రోజున మొదటే కుదరదు. దూరం ఒక కారణం, అనంతగిరి ఘాట్‌లో, బొర్రా గుహల్లో ఫోన్ సిగ్నల్ నమ్మలేకపోవడం మరో కారణం.

తిండి విషయంలో ఒకటే మాట. ఎగిరే సమయంలో పైలట్లు ఉన్నట్టుండి పనిచేయలేని స్థితికి రావడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది గుండె కాదు, కడుపు. విమానంలో ఇద్దరు పైలట్లు వేర్వేరు భోజనాలు తినేది అందుకే. స్టాండ్‌బై ఇంట్లో కూడా అదే జాగ్రత్త: బీచ్ రోడ్డు ముంత మిక్చరు, మొన్నటి రొయ్యల కూర మరో రోజుకి.

దారి

విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. ఎంవీపీ నుంచి మామూలు దారి ఇసుకతోట, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, కంచరపాలెం, ఎన్ఏడీ మీదుగా జాతీయ రహదారి. తెల్లవారుజామున నాలుగింటికి అరగంట కూడా పట్టని ఈ దారి సాయంత్రం ఆరింటికి రెట్టింపు తీసుకుంటుంది. అందుకే మీ స్టాండ్‌బై విండో ఏదో ఆ వేళలోనే ఒకసారి బండి నడిపి చూసుకోండి, మ్యాప్ చెప్పిన సమయం మీద ఆధారపడకండి. రెండో దారి హనుమంతవాక నుంచి అడవివరం, సింహాచలం, గోపాలపట్నం. మూడోది కాన్వెంట్ జంక్షన్ నుంచి పోర్టు రోడ్డు మీదుగా షీలానగర్. లారీలు ఉంటాయి గానీ ఎన్ఏడీని తప్పిస్తుంది.

మూడోది ఎందుకు తెలిసి ఉండాలంటే, ఏడాదిలో ఒక రోజు మొదటి రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల ఆ చుట్టు అడవివరం, హనుమంతవాక, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం అన్నిటినీ తాకుతుంది, మధ్యాహ్నం నుంచి మర్నాటి దాకా రోడ్డంతా భక్తులే. ఆ రోజు స్టాండ్‌బై ఉంటే ముందు రాత్రే బ్యాగుతో సహా గాజువాక వైపు చుట్టాలింటికి మారడం ఉత్తమం, కంపెనీ రికార్డులో ఆ చిరునామా, నంబరు మార్పించి మరీ. వైశాఖ తదియనాడు చందనోత్సవానికి సింహాచలం వైపు, నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిగితే ఆ వేళ బీచ్ రోడ్డు వైపు ఆంక్షలుంటాయి. భారీ వానకి జ్ఞానాపురం అండర్‌బ్రిడ్జి నమ్మొద్దు. కంపెనీ క్యాబ్ పంపినా సరే, చెప్పిన సమయానికి పది నిమిషాలు దాటితే సొంత బండి తీయాలన్నది ముందే నిర్ణయించుకోండి. అందుకే స్టాండ్‌బై రోజు బండి ట్యాంకు సగానికి తగ్గకూడదు, అపార్ట్‌మెంట్ సెల్లారులో మన కారు వెనక ఇంకెవరి కారూ అడ్డం ఉండకూడదు.

భోగాపురం అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నుంచి ఎగిరే రోజులకి ఈ లెక్క తిరగబడుతుంది. నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్లు. మధురవాడ, భీమిలి వాళ్లకి మేలు, గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకి 90 నిమిషాల గీత చాలా దగ్గరకొస్తుంది. కొత్తగా ఇల్లు అద్దెకి తీసుకునేవాళ్లు ఇది చూసుకుని దిగండి.

బ్యాగు ముందు రాత్రే తలుపు దగ్గరకి రావాలి. లైసెన్స్, మెడికల్, ఎయిర్‌పోర్టు ఎంట్రీ పాసు, కంపెనీ ఐడీ, హెడ్‌సెట్, టార్చి, రిఫ్లెక్టివ్ జాకెట్, కళ్లద్దాలు వాడేవాళ్లకి రెండో జత. యూనిఫాం షర్టులు మూడు, ఎందుకంటే వెళ్లి రావడమని చెప్పిన డ్యూటీ నైట్ హాల్ట్‌గా మారడం మామూలే. ట్యాబ్ సంగతి ప్రత్యేకం: చార్టులు 28 రోజులకోసారి మారతాయి. కొత్త సైకిల్ మొదలయ్యే గురువారం పొద్దున పిలుపు వస్తే, ఎయిర్‌పోర్టు వైఫై మీద డౌన్‌లోడ్ సగంలో ఆగి, ఇక్కడే ఫ్లైట్ ఆలస్యమవుతుంది. బుధవారం రాత్రే అప్‌డేట్ చేసి, ఒకసారి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. నెట్ లేకుండా తెరుచుకుంటేనే చార్టు మీ దగ్గరున్నట్టు.

పిలుపు ఎప్పుడొస్తుందో కొంత ముందే పసిగట్టొచ్చు. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట గన్నవరం, రాజమండ్రి, బెంగళూరుల్లో పొగమంచు పట్టి మొదటి ఫ్లైట్లు ఆలస్యమైతే, ఆ క్రూకి ఎఫ్‌డీపీ మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. అప్పుడు మిగతా సెక్టార్లకి కావలసింది స్టాండ్‌బై క్రూ. అంటే పొగమంచు పొద్దున పడినా పిలుపు మధ్యాహ్నం వాళ్లకి వస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు, అక్టోబరు, నవంబరులో వాయుగుండాలు. రాత్రి పడుకునే ముందు వాతావరణ రిపోర్టులు ఓ చూపు చూస్తే, రేపు బరువైన రోజో కాదో తెలిసిపోతుంది. తుపాను వేళ మరో రకం పిలుపు ఉంటుంది: తీరం దాటకముందే విమానాల్ని లోపలి ఊళ్లకి ఖాళీగా తరలించడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మన టెర్మినల్ పైకప్పే లేచిపోయింది, ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటి హెచ్చరిక ఉన్నప్పుడు ఫోన్ పనిచేయకపోతే ఎక్కడ, ఎప్పుడు కలవాలో క్రూ కంట్రోల్‌తో ముందు రోజే అనుకోవాలి.

ఏటీఆర్ వాళ్లు స్టాండ్‌బైలో విశ్రాంతిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలనడానికి కారణం విమానంలోనే ఉంది. 25,000 అడుగులకి మించి ఎక్కదు, కాబట్టి వర్షాకాలం మేఘాల పైనుంచి దాటిపోయే వీలుండదు, చుట్టూ తిరుగుతూ కుదుపుల్లోనే పోవాలి. నేల మీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న సహాయక ఇంజను, ఏపీయూ, ఉండదు. నేల మీద కుడి ఇంజను నడుస్తూనే, దాని ప్రొపెల్లర్‌ని బ్రేకుతో ఆపి కరెంటు, చల్లగాలి తీసుకుంటారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. వెనక గాలి ఎక్కువైతే ఇది కుదరదు, అప్పుడు గ్రౌండ్ పవర్ యూనిట్ వచ్చేదాకా కర్నూలు ఎండలో కాక్‌పిట్ పెనంలా ఉంటుంది. ఇలాంటి టర్న్ అరౌండ్లు రోజుకి రెండు మూడు ఉంటే, రాత్రి దాచుకున్న నిద్ర మధ్యాహ్నానికి కరిగిపోతుంది.

ఇల్లు విశాఖ, బేస్ హైదరాబాద్ అయినవాళ్లకి ఇంకో సమస్య. స్టాండ్‌బై బేస్‌లోనే చేయాలి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున దిగి, తొమ్మిదింటి విండోకి సిద్ధమనుకోవడం పొరపాటు. సుమారు 700 కిలోమీటర్లు బెర్తు మీద దొర్లిన రాత్రిని నిద్ర కింద లెక్కేయొద్దు. విమానంలో స్టాఫ్ టికెట్టు సీటు ఖాళీ ఉంటేనే దక్కుతుంది, సంక్రాంతి వారంలో అసలుండదు. ముందు రోజు మధ్యాహ్నానికి చేర్చే వందే భారత్ నయం. పద్ధతి ఏమిటంటే, మీరు ఎక్కాలనుకున్న ఫ్లైట్ తర్వాత ఇంకొకటి ఉండాలి, ఆ రెండోది దొరికినా ఎనిమిది గంటల నిద్రకి సమయం మిగలాలి. శంషాబాద్ దగ్గర నలుగురు కలిసి తీసుకునే షేరింగ్ గదిలో ఒకరి విండో తెల్లవారుజాము, మరొకరిది అర్ధరాత్రి అయితే ఇద్దరికీ నిద్రుండదు. మంచాలకంటే ముందు తలుపులు లెక్కపెట్టి గది తీసుకోండి.

నెలలో స్టాండ్‌బైలు ఎక్కువ పడితే ఎగిరే గంటలు తగ్గుతాయి. గంటల మీద వచ్చే డబ్బు నమ్ముకుని ఇంటి లోన్ వాయిదా పెట్టుకోకుండా, కాంట్రాక్టులో ఖాయంగా ఇచ్చే మొత్తం మీదే పెట్టుకోండి. చేయి కూడా తుప్పు పడుతుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే రీసెన్సీ, అంటే నడపడానికి కావలసిన తాజా అనుభవం, పోతుంది, సిమ్యులేటర్‌కి వెళ్లాల్సి వస్తుంది. 60 రోజులు దాటుతుండగానే ట్రైనింగ్ విభాగానికి మెయిల్ రాయండి. ఖాళీ గంటల్లో సినిమాల మధ్య ఒక అరగంట ఇంజన్ ఫెయిల్యూర్ మెమరీ ఐటమ్స్ (పుస్తకం చూడకుండా చేయాల్సిన అత్యవసర చర్యలు) గొంతెత్తి చెప్పుకోండి, చేతులు కూడా కదుపుతూ.

విండో చివరి అరగంట గురించి ఒకటి. 11కి ముగిసే స్టాండ్‌బైకి 10:55కి వచ్చిన పిలుపు చెల్లుతుంది, ఆ ఎఫ్‌డీపీ రాత్రిదాకా సాగొచ్చు. కాబట్టి 10:40కి యూనిఫాం షర్టు వాషింగ్ మిషన్‌లో వేయకండి. 11 దాటాక యాప్ తెరిచి తర్వాతి డ్యూటీ ఏమని చూపిస్తోందో చూడండి, మార్పు ఉంటే ఒప్పుకునే ముందు విశ్రాంతి గంటలు లెక్కేయండి. రెండూ సరిపోతే ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మామగారికి చెప్పి పెదగంట్యాడ బయల్దేరండి. గృహప్రవేశం భోజనాలు కడబంతికి అందుతాయి.